చీపురుకు మూడు కొటేషన్లు

ప్రభుత్వ పాఠశాల జమాఖర్చుల శాస్త్రంలో రెండు భాగాలున్నాయి. బడికి వచ్చిన డబ్బును ఎలా ఖర్చుపెట్టాలి, ఆ ఖర్చును ఎన్ని పుస్తకాల్లో రాయాలి, ఎంతమందికి చూపించాలి అన్నది మొదటి భాగం. ఆ డబ్బు ఏ తేదీకల్లా బడికి చేరాలన్నది రెండో భాగం. మొదటి భాగానికి సంబంధించిన నియమావళులు, మార్గదర్శకాలు, మెమోలు, వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి వచ్చే సవరణలు అన్నీ కలిపితే ఒక బీరువా చాలదు. రెండో భాగం దగ్గరికి వచ్చేసరికి అందరూ మౌనవ్రతం పాటిస్తారు. ఈ ఏర్పాటుకు పెద్దలు పెట్టిన పేరు పారదర్శకత. బడి ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ పైవారికి కనబడుతుందన్నది దాని మూల సిద్ధాంతం. పైన ఆగిపోయిన రూపాయి బడికి కూడా కనబడాలన్న మాట అందులో అధోజ్ఞాపికగానైనా లేదు.

ముందు డబ్బు ఎంతో తేలాలి. 2018లో సర్వశిక్షా అభియాన్‌ను, మాధ్యమిక శిక్షా అభియాన్‌ను, ఉపాధ్యాయ విద్య పథకాన్ని కలిపి సమగ్ర శిక్ష చేశారు. బడి నిర్వహణకు, మరమ్మతులకు విడివిడిగా వచ్చే చిన్న గ్రాంట్లు కూడా అప్పుడే కలిసిపోయి కాంపోజిట్ స్కూల్ గ్రాంటు అయింది. సవరించిన లెక్క ప్రకారం 30 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, 100 మంది వరకు 25,000, 250 వరకు 50,000, 1,000 వరకు 75,000, ఆపైన లక్ష. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, నీళ్లు, ఇంటర్నెట్, ఆటవస్తువులు, ప్రయోగశాల సామగ్రి, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ అందులోనే. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు కేటాయించాలి. చిన్న బడికి ఆ కనీసం వెయ్యి రూపాయలు. ప్రాథమిక తరగతులకు విద్యాహక్కు చట్టం చెప్పిన 200 పనిదినాలకు పంచితే రోజుకు అయిదు రూపాయలు. ఫినాయిల్ సీసా మూత తీసి వాసన చూపించి మళ్లీ బిగించడానికి ఈ మొత్తం సరిపోతుంది.

ఈ కొలతబద్దలో గణితప్రియులను అలరించే విశేషాలు కొన్ని ఉన్నాయి. ముప్పై ఒకటో పిల్లవాడు బడి గడప తొక్కుతూనే 15,000 రూపాయలు వెంటబెట్టుకొస్తాడు. ముప్పై రెండో వాడి నుంచి నూరో వాడి వరకు అరవై తొమ్మిది మంది ఉత్తచేతులతో వస్తారు. 251 మంది ఉన్న బడిలో తలకు దాదాపు 299 రూపాయలు పడితే, వెయ్యి మంది ఉన్న బడిలో 75 పడుతుంది. ఈ విషయంలో చట్టం చెప్పేది మరొకటి ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ తన బడికి ఏం కావాలో అభివృద్ధి ప్రణాళిక రాయాలి, ప్రభుత్వమిచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. కమిటీలు ప్రణాళికలు రాస్తూనే ఉన్నాయి. కారే పైకప్పు, కూలిన ప్రహరీ, నీళ్లు రాని బోరు అన్నీ అందులో ఎక్కుతాయి. డబ్బు మాత్రం తలలు లెక్కపెట్టి వస్తుంది. పైకప్పు కారుతోందో లేదో యూడైస్ అనే బడుల గణాంకాల వ్యవస్థ తలల లెక్కలో తెలియదు.

డబ్బు ఎంతో తేలాక దాన్ని పెట్టే చోటు, అంటే బ్యాంకు ఖాతా. ఈ ఖాతాల కథ కాస్త నిదానంగా చెప్పుకోదగ్గది. ఒకప్పుడు పథకానికో ఖాతా. సర్వశిక్షా అభియాన్‌కు ఒకటి, మధ్యాహ్న భోజనానికి ఒకటి, హైస్కూలైతే స్పెషల్ ఫీజుకు ఇంకొకటి. ప్రతిదానికీ ప్రధానోపాధ్యాయుడు, అంటే హెచ్‌ఎం, కమిటీ చైర్మన్ ఉమ్మడి సంతకాలు. హెచ్‌ఎంకు బదిలీ అయితే ఖాతా తాళం మారినట్టే. కమిటీ తీర్మానం, ఎంఈఓ కవరింగ్ లెటర్, కొత్త వారి ఆధార్, పాన్, ఫొటోలు, నమూనా సంతకాలు తీసుకుని బ్యాంకుకు వెళ్తే మేనేజరుకు బదిలీ అయి ఉంటుంది. రెండేళ్లు లావాదేవీ లేకపోతే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఖాతా నిద్రాణమవుతుంది, పదేళ్లు దాటితే అందులోని సొమ్ము డిపాజిటర్ల అవగాహన నిధికి వెళ్తుంది. పథకం పేరు మారినప్పుడల్లా పాత ఖాతాలో మిగిలిపోయిన వందా రెండొందలు ఆ దారిన పోయి ఎవరికో అవగాహన కలిగిస్తున్నాయి.

ఈ గందరగోళాన్ని సరిచేయడానికి కేంద్ర ఆర్థిక శాఖ 2021 మార్చి 23న కొత్త పద్ధతి ప్రకటించింది. కేంద్ర ప్రాయోజిత పథకం ఒక్కొక్కదానికి రాష్ట్రంలో ఒకే నోడల్ ఏజెన్సీ, దానికి ఒకే ఖాతా. కింది సంస్థలకు, అంటే బడులకు, అదే బ్యాంకులో జీరో బ్యాలెన్స్ అనుబంధ ఖాతాలు. అంతకుముందు బడి ఖాతాల్లో ఉన్న మిగులు పైకి తిరిగి వెళ్లాలి. వెళ్లింది కూడా. కారణం మంచిదే. లక్షల ఖాతాల్లో డబ్బు ఊరికే పడి ఉంటే ప్రభుత్వం ఒకవైపు అప్పు తెచ్చి వడ్డీ కడుతూ మరోవైపు బ్యాంకులకు మేలు చేసినట్టవుతుంది. అయితే బడి వైపు నుంచి చూస్తే దృశ్యం వేరు. ఇప్పుడు ఖాతా ఉంటుంది, అందులో డబ్బుండదు. లిమిట్ ఉంటుంది. ఇంత వరకు వాడుకోవచ్చని తెర మీద ఒక అంకె. ఆర్థిక సంవత్సరం ముగియగానే ఆ అంకె బడిది కాదు. ఊళ్లో ఉన్న బ్యాంకు, ఆ పథకానికి ఎంపికైన బ్యాంకు ఒకటే కావాలన్న నియమం కూడా లేదు. ఊరి బ్యాంకును దాటి, పక్క మండలంలో ఉన్న బ్యాంకుకు బస్సెక్కి పోయి, బడి తన ఆర్థిక స్వావలంబనను చాటుకోవాలి. బస్సు ఛార్జీ ఏ పద్దు కింద రాయాలో మార్గదర్శకాలు చెప్పవు కాబట్టి అది హెచ్‌ఎం జేబు పద్దు. చారాణా కోడికి బారాణా మసాలా అంటారు గానీ, ఇక్కడ మసాలా బిల్లు కోడే కట్టుకుంటుంది.

మూడో అంశం విడుదల. రాష్ట్రం కేంద్ర వాటాను నోడల్ ఖాతాకు 30 రోజుల్లోగా జమచేయకపోతే ఆలస్యానికి ఏడు శాతం వడ్డీ కట్టాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. ఆలస్యమనేది నేరమేనని ప్రభుత్వం ఒప్పుకున్న అరుదైన సందర్భమిది. వడ్డీ చేరేది కేంద్రానికి. ఆ ఆలస్యంలో సుద్దముక్కలు లేకుండా గడిపిన బడికి వాటా లేదు. ఆ తర్వాత 2023లోనే స్పర్శ్ అనే మరింత నాజూకైన పద్ధతి వచ్చింది. చెల్లించే క్షణం దాకా డబ్బు రిజర్వు బ్యాంకులోనే ఉంటుంది, ఎవరి ఖాతాలోనూ ఒక పూట కూడా ఆగదు. డబ్బు బడిని తాకకుండానే ఖర్చయిపోయే స్థితికి దారి పడింది.

ఇక కాలెండరు. తెలుగు రాష్ట్రాల్లో బడి సంవత్సరం జూన్ 12న మొదలై ఏప్రిల్ 23 ప్రాంతంలో ముగుస్తుంది. పద్దుల సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. బడికి సుద్దముక్క, చీపురు, రిజిస్టర్లు కావలసింది జూన్‌లో. డబ్బు వాడుకోవచ్చని అంకె కనబడే కాలం తరచుగా సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయాక. ఒక్కోసారి అది ఒంటిపూట బడులు మొదలై, టీచర్లు పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్‌కు పోయిన మార్చి మూడో వారం. కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి, 2017లో 62వ నియమం ఈ ఘట్టం గురించి నిష్కర్షగా మాట్లాడుతుంది. సంవత్సరం చివరి నెలల్లో హడావిడిగా ఖర్చుపెట్టడం ఆర్థిక సదాచారానికి విరుద్ధమట. కేంద్ర మంత్రిత్వ శాఖలైతే బడ్జెట్‌లో 15 శాతానికి మించి మార్చిలో ఖర్చుచేయకూడదన్న పరిమితి కూడా ఉంది. ఏడాది డబ్బు మొత్తం మార్చిలో అందుకున్న బడి దాన్ని మార్చిలో ఖర్చుపెడితే సదాచార భంగం, పెట్టకపోతే అసమర్థత. ఈ రెంటిలో ఏ తప్పు చేయాలో తేల్చుకునే స్వేచ్ఛ మాత్రం హెచ్‌ఎంకు పూర్తిగా ఉంది.

ఖర్చు చేసే పద్ధతి ఇంతకంటే ఆసక్తికరం. వంటగది పక్కన ఉన్న కొళాయి విరిగిందనుకుంటే, ఊరి ప్లంబరు పాత సైకిలు మీద వచ్చి, వాషరు మార్చి, మూడు వందలు అడిగి, చేతికిస్తే తీసుకుపోతాడు. ప్రభుత్వ చెల్లింపులను ఆన్‌లైన్‌లో నడిపే పీఎఫ్‌ఎంఎస్ కాలంలో ఇది అనాగరిక పద్ధతి. ప్లంబరును ముందు వెండరుగా నమోదు చేయాలి. అతని ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, బ్యాంకులో ఉన్నట్టే ఇంగ్లిషు స్పెల్లింగులో పేరు ఎక్కించాలి. బ్యాంకు ఆ వివరాలను ధ్రువీకరించాలి. పేరులో ఒక అక్షరం తేడా వస్తే తిరస్కరించాలి. తర్వాత మేకర్ లాగిన్‌లో బిల్లు పుట్టాలి, చెకర్ లాగిన్‌లో పెరగాలి. రెండు పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర ఉండాలి, అవి రెండూ ఒకే నోటుబుక్కు చివరి పేజీలో ఉంటాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలో చేసేవారు, సరిచూసేవారు వేర్వేరుగా ఉండటమెలాగన్న తాత్త్విక ప్రశ్నను చైర్మన్ ఫోనుకు వచ్చే ఓటీపీ పరిష్కరిస్తుంది. చైర్మన్ ఆ సమయానికి మిరప చేలో కూలికి పోయి ఉంటే, ఫోను ఇంట్లో చార్జింగుకు పెట్టి ఉంటే, ఓటీపీ పది నిమిషాల్లో కాలం చేస్తుంది. ఇదంతా అయ్యేలోగా కొళాయి ఏం చేస్తుందన్నది సాఫ్ట్‌వేర్ పరిధిలోకి రాదు. ఆచరణలో హెచ్‌ఎం ఆ మూడు వందలూ తనే ఇచ్చేస్తాడు. తర్వాత ఆ డబ్బు రాబట్టుకోవాలంటే బిల్లు కావాలి. ప్లంబరు దగ్గర బిల్లు పుస్తకం ఉండదు.

ఇక్కడే కొటేషన్ల అధ్యాయం. 2017 నియమావళి వచ్చినప్పుడు అందులోని 154వ నియమం 25,000 రూపాయల దాకా కొటేషన్లు లేకుండానే కొనవచ్చంది. వస్తువు సరైన నాణ్యతతో, సరైన ధరకు, నమ్మకమైన దుకాణంలో కొన్నానని కొన్నవారు ధ్రువపత్రం రాస్తే చాలు. ఢిల్లీ పెద్దలు ఇంత నమ్మకం చూపించారంటే ఏదో మతలబు ఉంటుందని జిల్లాలో, మండలంలో అనుమానించడం సహజం. అందుకని ముందుజాగ్రత్తగా మూడు కొటేషన్లు పెట్టుకోవడమే మేలని అనుభవజ్ఞులు సలహా ఇస్తారు. కొటేషన్ అంటే పోటీదారు ధరపట్టిక అని పుస్తకాల్లో ఉంటుంది. క్షేత్రస్థాయిలో అది మూడు లెటర్‌హెడ్‌ల మీద ఒకే చేతివ్రాత. మండల కేంద్రంలోని స్టేషనరీ దుకాణదారు తన కొటేషన్‌తోపాటు బావమరిది దుకాణానిది, ఎప్పుడో మూతపడ్డ దుకాణానిది కూడా సొరుగులోంచి తీసి ఇస్తాడు. చీపురు తన దగ్గర నలభై, బావమరిది దగ్గర నలభై అయిదు, మూతపడ్డ దుకాణంలో యాభై. తులనాత్మక పట్టిక గీసి, కనిష్ఠ ధర ఎంపికైందని సంతకం పెడతారు. అదే చీపురు ఊరి సంతలో ముప్పైకి దొరుకుతుంది. సంతలో చీపుర్లమ్మే అవ్వకు లెటర్‌హెడ్ లేదు, జీఎస్టీ నంబరు లేదు. అంత చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని జీఎస్టీ చట్టమే చెబుతుంది, పద్దులు చూసేవారు మాత్రం ఆ చట్టంతో ఏకీభవించరు. చీపురుకు పది రూపాయలు ఎక్కువ పెట్టి ప్రజాధనాన్ని కాపాడటం అన్నమాట.

కొనుగోలుకు కమిటీ తీర్మానం కావాలి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని, గ్రాంట్ల వినియోగాన్ని కమిటీయే పర్యవేక్షించాలని అంటుంది. సదుద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల నాయకత్వంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే బడులను బాగుచేసే నాడు-నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా నడిచాయి. కమిటీలు మారినా మినిట్స్ బుక్కు శైలి మారలేదు. ‘సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అనే వాక్యం ముందే రాసి ఉంటుంది. కింద పిల్లల చేత ఇంటికి పంపించి పెట్టించుకొచ్చిన సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి. ఆ రోజు కూలి పోగొట్టుకుని సమావేశానికి వచ్చిన తల్లికి కూలి డబ్బు ఇచ్చే పద్దు లేదు. ఆమె పేరు మీద ఏకగ్రీవం మాత్రం ఉంది.

క్యాష్ బుక్కు సంగతి పొడిగానే చెప్పాలి, అది పొడి వస్తువే. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. మొదటి పేజీలో ఇందులో ఇన్ని పేజీలున్నాయన్న ధ్రువపత్రం. కొట్టివేతలు, దిద్దుబాట్లు నిషిద్ధం. అయిదు వేలు దాటిన రశీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు. ఓచరుకు నంబరు, నంబరుకు తీర్మానం తేదీ, తీర్మానానికి కొటేషన్, అన్నిటి మీదా రెండు సంతకాలు. ఇవన్నీ పీఎఫ్‌ఎంఎస్‌లో అప్పటికే ఉన్నాయి కదా అని అడిగినవారికి, ఉన్నాయని, అయినా రాయాలని జవాబు వస్తుంది. కంప్యూటర్ వచ్చాక కాగితం పోతుందన్న జోస్యం తప్పయింది. కంప్యూటర్‌లోది ప్రింటు తీసి కాగితానికి జతచేయడం కొత్తగా చేరింది.

కొన్నవన్నీ స్టాక్ రిజిస్టరులో ఎక్కుతాయి. ఎక్కడం తేలిక, దిగడం కష్టం. కాలు విరిగిన బెంచీని పారేయాలంటే కండెమ్నేషన్ జరగాలి. దానికి కమిటీ చూడాలి, ప్రతిపాదన పైకి పోవాలి, అనుమతి కిందికి రావాలి, వేలం వేయాలి, వచ్చిన పాతిక రూపాయలను చలానా కట్టి జమచేయాలి. ఇంత పని పెట్టుకునే బదులు బెంచీని ఒక గదిలో పడేసి తాళం వేయడం సులువు. ఏళ్లు గడిచేకొద్దీ అందులోకి రేకు పెట్టెలు, తెరలు పగిలిన కంప్యూటర్లు, ఊడిన నల్లబల్లలు చేరతాయి. మూడు గదుల బడిలో ఒక గది ఇలా చెత్తకు రాసిచ్చాక రెండు గదుల్లో అయిదు తరగతులు నడుస్తాయి. స్టాక్ రిజిస్టరులో మాత్రం ఆ బడి సంపన్నమైనది: బెంచీలు 40, బాగున్నవి ఎన్నన్న గడి లేదు.

చివరికి ఆడిట్. ఒక్క బడి పద్దును చూడగలిగేవారు పలువురు. సమగ్ర శిక్ష ఖాతాలకు చార్టర్డ్ అకౌంటెంట్లు, మండల, జిల్లా పరిషత్తు బడులకు రాష్ట్ర ఆడిట్ శాఖ, అందరి పైనా అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆడిట్. ఇంతమంది చూసే సంస్థలు దేశంలో తక్కువ. అయితే వీరు చూసేది పుస్తకాలను. సాధారణంగా పుస్తకాలే మండల వనరుల కేంద్రానికి ప్రయాణం చేస్తాయి. ఫలానా తేదీ, ఫలానా స్కూల్ కాంప్లెక్స్ బడులన్నీ రికార్డులతో హాజరు కావాలని కబురు వస్తుంది. ఏకోపాధ్యాయ బడి హెచ్‌ఎం పిల్లలను పక్క బడి టీచరుకు అప్పగించి, సంచీలో క్యాష్ బుక్కు, ఓచర్ల ఫైలు, పాస్‌బుక్కు, మినిట్స్ బుక్కు, స్టాక్ రిజిస్టరు వేసుకుని వరండాలో క్యూ కడతాడు. బడికి పావుగంట. నిలువెల్లా టిక్కులు. కొళాయి పనిచేస్తోందా అని ఎవరూ అడగరు. కొళాయి బిల్లు మీద తేదీ, తీర్మానం తేదీ కంటే ముందుందా అని అడుగుతారు. ముందే ఉంటుంది, ఎందుకంటే కొళాయి తీర్మానానికి ముందే విరిగింది. అభ్యంతరం నమోదవుతుంది.

ఈ నియమాలు ఊరికే పుట్టలేదన్న వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. వేయని సున్నానికి బిల్లులు, కొనని బల్లలకు రశీదులు, లేని పిల్లలకు హాజరు వేసి భోజనం ఖర్చు రాయడం వంటివి జరిగాయి, కాగ్ నివేదికల్లోకి ఎక్కాయి. తప్పుడు లెక్కను పట్టుకునే యంత్రం కావాలి. చిక్కేమిటంటే, ఉన్న యంత్రం తప్పుడు లెక్కను పట్టుకోదు, అసంపూర్ణమైన కాగితాన్ని పట్టుకుంటుంది. వేయని సున్నానికి డబ్బు తినేవాడు కొటేషన్లు మూడూ తెస్తాడు, తులనాత్మక పట్టిక స్కేలు పెట్టి గీస్తాడు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం అడ్డంగా పెట్టిస్తాడు. కాగితం పని అతని వృత్తి. సంతలో ముప్పైకి చీపురు కొన్న పంతులమ్మకు ఆ నేర్పు లేదు. అందువల్ల ఆడిట్ నివేదికలో మొదటివాడి బడి ఎదుట ‘అభ్యంతరాలు లేవు’ అని, పంతులమ్మ బడి ఎదుట ‘ఓచరు లేని ఖర్చు రూ. 30’ అని వస్తుంది. ఒక్క మధ్యాహ్నం బడికి పోయి గోడ మీద వేలు పెట్టి చూస్తే సున్నం వేశారో లేదో తెలిసిపోతుంది. గోడ మీద వేలు పెట్టడానికి నిర్ణీత నమూనా పత్రం లేదు.

ఆడిట్ అయ్యాక వినియోగ ధ్రువపత్రం, అందరి నోటా యూసీ. ఆ 2017 నియమావళి (జీఎఫ్‌ఆర్) నమూనాలో, ఇంత మొత్తం అందింది, ఇంత ఖర్చయింది, ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాం అని హామీ. యూసీ రాకపోతే తర్వాతి విడత రాదన్నది కింది నుంచి పై దాకా ఒకే సూత్రం. బడులు యూసీలివ్వలేదని మండలం, మండలాలివ్వలేదని జిల్లా, రాష్ట్రమివ్వలేదని కేంద్రం. దీని అందం ఏమిటంటే, డబ్బు మార్చి 28న చేరినా యూసీ మాత్రం ఏప్రిల్ మొదటి వారంలో అర్జెంటుగా కావాలి. లిమిట్ వాడుకోలేకపోయిన బడి సున్నా ఖర్చుకు యూసీ ఇస్తుంది, వచ్చే ఏడాది సమీక్షలో ఆ సున్నాయే ‘క్షేత్రస్థాయిలో అవసరం లేదు’ అనడానికి రుజువవుతుంది. గ్రాంటు మీద వడ్డీ ఏమైనా వచ్చి ఉంటే అది సంచిత నిధికి తిరిగి జమకావాలి. పాత ఖాతాల కాలంలో పదకొండు రూపాయల వడ్డీని పైకి పంపడానికి యాభై రూపాయల ఆటో ఎక్కిన హెచ్‌ఎంలున్నారు.

తేలని అభ్యంతరాలు పేరాలవుతాయి. పేరాకు మరణం లేదు. హెచ్‌ఎం బదిలీ అయితే వెంట వస్తుంది, ప్రమోషన్ వస్తే ముందే పోయి కూర్చుంటుంది, ఉద్యోగ విరమణ నాటికి పింఛను కాగితాల దగ్గర ఎదురవుతుంది. నో డ్యూస్ సర్టిఫికెట్ కావాలంటే పాత పేరాలు డ్రాప్ కావాలి. అవి డ్రాప్ కావాలంటే ఓచరు చూపించాలి, లేదా డబ్బు కట్టాలి. ఎప్పుడో వాషరు మార్చిన ప్లంబరు ఈలోగా చనిపోయి ఉంటాడు. అందువల్ల అప్పట్లో సొంత జేబులోంచి ఇచ్చి, తర్వాత ఎలాగో బిల్లు పుట్టించి గ్రాంటులోంచి తీసుకున్న ఆ మూడు వందలను హెచ్‌ఎం ఇప్పుడు ట్రెజరీలో చలానా ద్వారా తిరిగి కడతాడు. వసూలైనట్టు నమోదై పేరా ముగుస్తుంది. చలానా జిరాక్సు మూడు ప్రతులు జతపరచవలెను.